ముష్టియోధుడు జేమ్స్ బ్రాడక్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు నగరపు పడమటి భాగమున, హడ్సన్ నదికి దాపున, హెల్స్ కిచెన్ అను పేట యొకటి కలదు. నరకమందలి వంటయిల్లు అని ఆ పేరునకు అర్థము. ఇరువదియవ శతాబ్దపు తొలినాళ్లలో ఓడరేవు కూలీలును, బండ్లు తోలువారును, ఐర్లండు దేశమునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబములవారును అచ్చటి యిరుకు టిండ్లలో క్రిక్కిరిసి కాపురముండిరి. 1905వ సంవత్సరము జూను 7వ తేదీన ఆ పేటలో జేమ్స్ వాల్టర్ బ్రాడక్ జన్మించెను. తలిదండ్రులు ఐరిష్ సంతతివారు. కొంతకాలము ఇంగ్లండున నుండి పిమ్మట అమెరికా చేరినవారు. ఇంట పిల్లలు పెక్కుమంది. జేమ్స్ శిశువుగా నున్నప్పుడే కుటుంబము నది దాటి న్యూజెర్సీ రాష్ట్రమునకు తరలిపోయెను. ఆ రాష్ట్రమునందలి నార్త్ బెర్గెన్ ప్రాంతమే ఆతనికి తుదివరకును స్వస్థలమైనది.

చదువు చర్చివారి పాఠశాలలో కొంతవరకు సాగెను గాని ఆతనికి పుస్తకములపై మక్కువ తక్కువ. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయములో చేరి ఫుట్‌బాలు ఆడవలెనని బాల్యమున కలలు గనెను. ఆ కల కలగానే మిగిలెను. చిన్ననాడే బడి మాని చిల్లర కొలువులలో కుదిరెను. ఆతని యన్న జో ముష్టియుద్ధము నేర్చి పందెములలో పాల్గొనుచుండెడివాడు. అన్నతో కూడ వెళ్లి చూచి, తానును తొడుగులు తొడిగి, తమ్ముడే అన్నను మించినవాడయ్యెను. డబ్బు పుచ్చుకొనక ఆడువారి పోటీలలో న్యూజెర్సీ రాష్ట్రమున మొదటివాడుగా నిలిచి, 1926లో దానినే జీవనోపాధిగా గైకొనెను. వాల్టర్ అను నడిమి పేరు నాటినుండి మరుగుపడెను. పూర్వము ప్రపంచ విజేతలైన జేమ్స్ జె. కార్బెట్, జేమ్స్ జె. జెఫ్రీస్ అనువారి పేర్లకు సరిపోవునట్లు ఈతనిని కూడ జేమ్స్ జె. బ్రాడక్ అని పిలువసాగిరి.

ఇచ్చట ఆ యుద్ధపద్ధతిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఇది మన యూళ్లలో గోదాలో జరుగు కుస్తీవంటిది కాదు. ఇందు పట్టుటయు పడద్రోయుటయు నిషిద్ధము. చేతులకు మెత్త పెట్టిన తోలు తొడుగులు ధరించి, చుట్టును త్రాళ్లు కట్టిన చదరపు వేదికపై ఇరువురు యోధులు నడుమునకు పైభాగమున మాత్రమే పిడికిళ్లతో కొట్టుకొందురు. ఒక్కొక్క విడత మూడు నిమిషములు. రెండు విడతల నడుమ ఒక నిమిషము విశ్రాంతి. క్రింద పడినవాడు పది లెక్కించులోపల లేవనిచో ఓడినట్లే. ఇరువురును తుదివరకు నిలిచినచో ఏ విడతలో ఎవరిది పైచేయి అని లెక్కగట్టి నిర్ణేతలు జయము ప్రకటింతురు. యోధులను బరువునుబట్టి తరగతులుగా విభజింతురు. బ్రాడక్ కాలమున 175 పౌనులకు మించినవారిది అన్నిటికంటె పై తరగతి. ప్రపంచ విజేత యని జనులు సామాన్యముగా చెప్పుకొనునది ఆ తరగతిలో గెలిచినవానినే.

ఈ క్రీడ ప్రాణాపాయకరమైనది. దానిని మన బాలురు నేర్వవలెనని నేను కోరను. ఈ కథలోనే ఇరువురి మరణములు రానున్నవి. అయినను ఆ క్రీడను మెచ్చనివారు సయితము మెచ్చదగిన మనుష్యు డొకడు దానిలో నుండెననుట నిజము.

బ్రాడక్ మొదట పై తరగతివాడు కాడు. ఆరడుగుల పైబడిన పొడవు, సన్నని దేహము. ఆతని బలమంతయు కుడిచేతిలో నుండెను. జో గూల్డ్ అను పొట్టి యూదుడు ఆతనికి వ్యవహర్తగా కుదిరెను. పందెములు కుదుర్చుటయు, డబ్బు మాటలాడుటయు, వేదికమూల నిలిచి హెచ్చరికలు చెప్పుటయు ఆ వ్యవహర్త పని. ఒకరు మితభాషి, మరియొకరు వాచాలుడు; ఒకరు కాథలికు, మరియొకరు యూదుడు. కలిమిలోను లేమిలోను వారిరువురి స్నేహము చెడలేదు. 1928 నవంబరులో టఫీ గ్రిఫిత్స్ అను పేరుపొందిన యోధుని బ్రాడక్ రెండవ విడతలోనే పడగొట్టగా న్యూయార్కు పత్రికలు ఆతనివైపు తిరిగి చూచినవి. మరుసటి వసంతమున జిమ్మీ స్లాటరీ అనువాడును ఓడిపోయెను. ఇక తన తరగతిలో ప్రపంచ బిరుదము చేతి కందుననియే యందరు తలచిరి.

1929 జూలై 18వ తేదీన యాంకీ స్టేడియమున టామీ లోరన్ అను విజేతతో బ్రాడక్ పోరాడెను. లోరన్ బలముకంటె నేర్పునకు పేరుపడినవాడు. పదునైదు విడతలపాటు బ్రాడక్ తన కుడిచేతిని ఎక్కుపెట్టి వెంటాడుటయు, లోరన్ నీడవలె తొలగిపోవుచు ఎడమచేతితో చిన్న చిన్న దెబ్బలు తగిలించుటయు, ఇదియే ఆ యుద్ధము. జయము లోరన్‌దయ్యెను. ఇరువదినాలుగేండ్ల వయస్సున తగిలిన ఆ యోటమి బ్రాడక్ మనస్సును మిక్కిలి క్రుంగదీసెను.

మూడు నెలలు దాటెను. అక్టోబరులో న్యూయార్కు షేరు బజారు కూలెను. ఆ సంగతి మన విద్యార్థులు చరిత్ర పాఠములో చదివియుందురు. బ్యాంకులు మూతపడెను. కార్ఖానాలు నిలిచెను. 1933 నాటికి ఆ సంపన్న దేశమున పనిచేయు వయస్సువారిలో ఇంచుమించు నలుగురి కొకరు పనిలేనివారైరి. బ్రాడక్ కూడబెట్టిన ధనమును ఆ సుడిలో కొట్టుకొనిపోయెను. ఆతడు 1930 జనవరిలో మే ఫాక్స్ అను కన్యను వివాహమాడెను. కొలది యేండ్లలో జే, హవర్డ్ అను ఇద్దరు కుమారులును, రోజ్‌మరీ అను కుమార్తెయు కలిగిరి. ఇంట తినునోళ్లు పెరుగుచుండ ఆదాయము తరిగెను.

ఆ తరువాతి నాలుగేండ్లు చెప్పుటకు కష్టముగా నుండును. ఇరువది మార్ల వరకు ఓటమి. కుడిచేతి యెముకలు పలుమారు విరిగెను. విరిగిన చేయి అతుకులోపలనే, ఇంటి యద్దెకై, మరల పందెమున కొప్పుకొనుట. అది మరల విరుగుట. ఆతడు వృద్ధుడైనట్లే పత్రికలవారు వ్రాయసాగిరి. అప్పటికి వయస్సు ఇరువదియెనిమిది మాత్రమే. 1933 సెప్టెంబరు 25వ తేదీన ఏబ్ ఫెల్డ్‌మన్ అనువానితో జరిగిన పందెమున చేయి మరల విరుగగా, పోరు సాగని స్థితికి వచ్చి, మధ్యవర్తి దానిని జయాపజయములు లేని పందెముగా త్రోసివేసెను. బ్రాడక్ తొడుగులు విప్పి గూటిలో పెట్టెను.

ఇప్పుడు ఓడరేవు. హోబోకెన్, వీహాకెన్ మొదలగు రేవులలో ప్రతిదినము తెల్లవారకముందే కూలీలు గుమిగూడుదురు. మేస్త్రీ వచ్చి కావలసినంతమందిని వ్రేలితో చూపి పిలుచును. తక్కినవారు ఇంటికి మరలవలసినదే. బ్రాడక్ ఆ గుంపులో నిలిచెడివాడు. కొన్నిదినములు పని దొరకును, కొన్నిదినములు దొరకదు. పని దొరికిననాడు రైలుపట్టాల క్రింద వేయు దుంగలను, బరువు మూటలను ఇనుప కొక్కెముతో లాగి యెత్తవలెను. విరిగిన కుడిచేయి ఆ పనికి పనికిరాదు. కనుక కొక్కెమును ఎడమచేత పట్టెను. మాసములకొలది ఆ బరువులన్నియు ఎడమచేతిమీదనే నడిచెను. అది దైన్యముచేత చేసిన పని. అందువలన మేలు కలుగునని ఆతడు అనుకొనలేదు. కాని ముష్టియుద్ధమున ఇంతకాలము ఎందులకును కొరగాక వ్రేలాడుచుండిన ఆ యెడమచేయి, ఆతనికి తెలియకయే, ఇనుమువలె గట్టిపడుచుండెను.

1933 చివరి చలికాలము మిక్కిలి కఠినముగా గడచెను. ఇంటి యద్దె పేరుకొనెను, పాలవానికి బాకీ, విద్యుద్దీపములును, గ్యాసును నిలుపుదల చేయబడెను. మంచు కురియు దేశమున ముగ్గురు పసివారితో నిప్పులేని ఇల్లు ఎట్లుండునో మనబోంట్లు ఊహించుట కష్టము. తుదకు బ్రాడక్ సర్కారువారి సహాయనిధి కచ్చేరికి పోయి తన పేరు వ్రాయించుకొనెను. నిరుద్యోగులకు కుటుంబ పోషణార్థము కొంత పైకము నెలనెల ఇచ్చు ఏర్పాటది. యాంకీ స్టేడియమున వేలమంది జేజేలు కొట్టగా నడిచిన మనుష్యుడు, ఇరుగుపొరుగువారు చూచుచుండగా, ఆ వరుసలో నిలువవలసివచ్చెను. దేహమునకు తగిలిన దెబ్బలన్నిటికంటె అది ఆతనికి నొప్పి కలిగించినదని ఆతని నెరిగినవారు చెప్పుదురు. అయినను ఆతడు వరుసలో నిలిచెను. పిల్లలు తినవలెను గదా.

1934 జూను నెలలో జో గూల్డ్ ఒక వార్త తెచ్చెను. ఆ నెల 14వ తేదీన న్యూయార్కు నగరపు లాంగ్ ఐలండ్ సిటీలో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ బౌల్ అను విశాలమైన కొయ్య రంగస్థలమున, ప్రపంచ విజేత ప్రీమో కార్నేరాకును మాక్స్ బేర్ అను యువకునికిని పోటీ జరుగనుండెను. దానికి ముందు జనులకు వినోదముగా చిన్న పందెములు పెట్టుదురు. కార్న్ గ్రిఫిన్ అను పైకి వచ్చుచున్న యోధునికి ప్రతియోధి కావలెను. వ్యవధి రెండు దినములు. గ్రిఫిన్ కీర్తికి మెట్టుగా పనికివచ్చు పాత పేరుకై వెదకుచుండిన నిర్వాహకులకు బ్రాడక్ దొరకెను. ముట్టజెప్పునది 250 డాలర్లు. శిక్షణ లేదు, తగిన తిండి లేదు. రేవు పని తప్ప వేరు సాధన లేదు. అయినను మూడవ విడతలో గ్రిఫిన్ నేలగూలెను. చూచినవారికి ఆశ్చర్యము కలిగించినది కుడిచేయి కాదు, ఎడమచేయి. ఈ యెడమచేయి ఎక్కడనుండి వచ్చెనని గూల్డ్ సయితము విస్తుపోయెను.

అదే రాత్రి, అదే వేదికపై, మాక్స్ బేర్ మహాకాయుడైన కార్నేరాను పదేపదే పడగొట్టి పదునొకండవ విడతలో ప్రపంచ విజేతయయ్యెను. మొదటి పందెము ఆడిన బ్రాడక్‌కును, తుది పందెము గెలిచిన బేర్‌కును నడుమ అప్పటికి ఆకాశపాతాళములంత దూరము. సరిగా ఒక సంవత్సరమున ఆ దూరము తీరిపోవునని ఆ రాత్రి ఎవ్వరును అనుకొనియుండరు.

నవంబరు 16వ తేదీన జాన్ హెన్రీ లూయిస్‌తో మరియొక పందెము దొరకెను. ఈ నీగ్రో యువకుడు మిక్కిలి నేర్పరి. పూర్వము బ్రాడక్‌ను ఓడించినవాడు. మరుసటి సంవత్సరము తన తరగతిలో ప్రపంచ విజేత కాగలవాడు. బ్రాడక్ పది విడతలలో ఆతని గెలిచెను. 1935 మార్చి 22వ తేదీన ఆర్ట్ లాస్కీ అనువానిని పదునైదు విడతల పోరున ఓడించెను. బేర్‌తో పోరాడు హక్కు లాస్కీకి రానున్నదని నిర్వాహకులు తలచియుండిరి. అది బ్రాడక్ పాలయ్యెను.

చేతికి కొంత డబ్బు వచ్చిన ఆ సంవత్సరముననే బ్రాడక్ సహాయనిధి కచ్చేరికి మరల పోయెను. తాను పుచ్చుకొనిన పైకము యావత్తును లెక్కగట్టించి తిరిగి చెల్లించెను. అది అప్పు కాదు, తిరిగి ఇమ్మని అడిగినవారు లేరు, చట్టము కోరలేదు. ఇచ్చిన నిధి ప్రజలది గనుక, తనకిప్పుడు కలిగినది గనుక, తనవలెనే వరుసలో నిలిచిన మరియొకనికి అది చేరవలెనని ఆతని తలంపు. ఆతడు ప్రపంచ విజేత కాకముందే జరిగిన ఈ పనిని నేను ఆతని జయములన్నిటికంటె పైన పెట్టుదును. పత్రికలలో ఆ సంగతి పొక్కగా, దేశమున పనిలేక యున్న లక్షలాది కుటుంబములవారు బ్రాడక్‌ను తమ యింటివానిగా భావించిరి. డేమన్ రన్యన్ అను ప్రసిద్ధ పత్రికా రచయిత ఆతనికి సిండరెల్లా మనుష్యుడని పేరు పెట్టెను. పొయ్యిదగ్గర బూడిదలో కూర్చుండి యుండిన పిల్ల రాజకుమారుని పెండ్లాడిన కథను మన చిన్న తరగతుల పిల్లలును ఎరుగుదురు.

ఇక ప్రత్యర్థిని గూర్చి. మాక్స్ బేర్ అప్పటికి ఇరువదియారేండ్లవాడు. చక్కని రూపము, విశాలమైన భుజములు, నవ్వుమొగము. కుడిచేతి దెబ్బ పిడుగుపాటు. 1930లో ఫ్రాంకీ కాంబెల్ అను యోధుడు బేర్‌తో పోరాడి మరునాడే మరణించెను. 1932లో ఎర్నీ షాఫ్ అనువాడు బేర్ చేతిలో ఘోరముగా దెబ్బలు తినెను. కొన్ని నెలల పిమ్మట కార్నేరాతో పోరాడి చనిపోగా, బేర్ కొట్టిన దెబ్బలే మూలమని పలువు రనిరి. 2005లో బ్రాడక్ జీవితమునుగూర్చి తీసిన చలనచిత్రము బేర్‌ను క్రూరునిగా చూపినది. అది న్యాయము కాదు. కాంబెల్ మరణము బేర్‌ను ఏండ్ల తరబడి బాధించెను. ఆ కుటుంబమునకు ఆతడు ధనసహాయము చేసెను. ఆతని దోషము క్రౌర్యము కాదు, అలక్ష్యము. వేదికపై నవ్వులాటలు, హాస్యములు, వెలుపల విందులు వినోదములు. బ్రాడక్‌ను ఆతడు ప్రత్యర్థిగానే లెక్కింపలేదు.

లోకమును లెక్కింపలేదు. పందెములు కాయువారు బ్రాడక్ గెలిచినచో ఒకటికి ఆరు మొదలు పదివరకు ఇత్తుమనిరి. జూదమును మన పాఠశాల ఏనాడును మెచ్చదు. అయినను ఆ లెక్కను చెప్పుట ఎందులకనగా, ఆనాటి జనాభిప్రాయమును అది తేటగా తెలుపుచున్నది. బ్రాడక్ ప్రాణములతో బయటపడిన చాలునని శ్రేయోభిలాషులు తలచిరి. మే మాత్రము ఏమి తలచెనో ఊహింపవచ్చును. ఎదుటివాని చేతులలో ఇద్దరి చావులు ఉన్నవని పత్రికలన్నియు వ్రాయుచుండిన దినములవి.

బ్రాడక్ కాట్‌స్కిల్ పర్వతప్రాంతమున లాక్ షెల్‌డ్రేక్ అను గ్రామమునకు పోయి సాధన ప్రారంభించెను. జీవితమున మొదటిసారిగా కడుపునిండ తిని, కంటినిండ నిద్రించి, సావకాశముగా సాధన చేయగలిగెను. గూల్డును ఆతడును కలిసి యోచించిన ఉపాయము సరళమైనది. బేర్ కుడిచేతికి ఎదురుపడక ఎప్పుడును దానికి దూరపు ప్రక్కకే తిరుగవలెను. ఎడమచేతిని ముందుకు చాచి మొగముపై తట్టుచునే యుండవలెను. పడగొట్టవలెనను ఆశ పెట్టుకొనరాదు. విడత వెంట విడత లెక్క గెలువవలెను. ఒకప్పుడు లోరన్ తనను ఓడించిన విద్య అదే. ఆరేండ్ల క్రితము తిన్న దెబ్బలలో నేర్చిన పాఠమును, రేవులో గట్టిపడిన చేతితో, ఇప్పుడు తాను ప్రయోగింపనుండెను.

1935 జూను 13వ తేదీ రాత్రి. ఆరు దినములకు ముందే బ్రాడక్‌కు ముప్పదియేండ్లు నిండెను. ఆ కొయ్య రంగస్థలమునకు సుమారు ముప్పదివేలమంది వచ్చిరి. అచ్చట ఒక విచిత్రము గలదు. 1932లో ష్మెలింగ్, 1933లో షార్కీ, 1934లో కార్నేరా, ముగ్గురు ప్రపంచ విజేతలును ఆ వేదికపైననే తమ బిరుదములను కోల్పోయిరి. దానిని బేర్ వినియుండును గాని నవ్వి త్రోసివేసియుండును. బరువులో బేర్ పదునైదు పౌనులకు పైగా అధికుడు.

గంట మ్రోగెను. మొదటి విడతలలో జనులు చూచినది తాము ఎదురుచూచినది కాదు. బ్రాడక్ తొణకక బెణకక చుట్టు తిరుగుచు ఎడమచేతిని పొడుచుచుండెను. బేర్ నవ్వుచు, జనులవైపు తిరిగి వింతచేష్టలు చేయుచు, దెబ్బ తగిలినప్పుడు మోకాళ్లు వణకినట్లు నటించుచు కాలము గడపెను. నటనలకు నిర్ణేతలు గుర్తులు వేయరు. విడత వెంట విడత బ్రాడక్ లెక్కలో చేరుచుండెను. నియమవిరుద్ధమైన దెబ్బలకుగాను బేర్ మరికొంత నష్టపోయెను. నడుమ కొన్ని విడతలలో బేర్ మేలుకొని తన ప్రసిద్ధమైన కుడిచేతిని విసరెను. అవి గట్టిగానే తగిలినవి. ఒకటి రెండు మారులు బ్రాడక్ చలించుట అందరును చూచిరి. జనులు లేచి నిలిచిరి. ఆతడు పడలేదు. తల విదిలించి, ఒకడుగు ముందుకు వేసి, మరల ఎడమచేతిని చాచెను.

పదవ విడత దాటునప్పటికి బేర్ మొగమున నవ్వు తగ్గెను. ఆతని మూలనుండినవారు ఓడిపోవుచున్నావని హెచ్చరించిరి. తుది విడతలలో ఒక్క దెబ్బతో అంతయు ముగింపవలెనని బేర్ చేసిన యత్నమంతయు వ్యర్థమయ్యెను. ఏలయన ఆ యొక్క దెబ్బకు కావలసిన చోటున బ్రాడక్ ఒకనాటికిని నిలువలేదు. చేతులు నొచ్చియుండెనని బేర్ తరువాత చెప్పుకొనెను, నిజమే కావచ్చును. విరిగిన చేతులతో నాలుగేండ్లు పోరాడినవాని యెదుట ఆ మాటకు బరువు తక్కువ.

పదునైదవ విడత ముగిసెను. ఇరువురును నిలిచియేయుండిరి. నిర్ణేతలు ఏకాభిప్రాయముతో బ్రాడక్‌కు జయము ప్రకటించిరి. ముష్టియుద్ధ చరిత్రలో అంతటి ఆశ్చర్యము కార్బెట్ 1892లో సలివన్‌ను గెలిచినప్పటినుండి కలుగలేదని ఆనాటివారు వ్రాసిరి. బేర్ వచ్చి అభినందించెను. ఓటమిని ఆతడు పెద్దమనుష్యునివలె సహించెననుట ఆతని పక్షమున చెప్పవలసినదే.

ఒక చిన్న ముచ్చట. పోరునకు పోవుముందు తాను బిరుదముతో ఇంటికి వచ్చెదనని బ్రాడక్ పిల్లలతో చెప్పెనట. ఆంగ్లమున బిరుదమునకు టైటిల్ అని పేరు, తాబేలునకు టర్టిల్ అని పేరు. పసివారు తాబేలు వచ్చునని కనిపెట్టుకొని యుండిరి. ప్రపంచ విజేతయైన తండ్రి దుకాణమునకు పోయి తాబేళ్లను కొని తెచ్చి వారి చేతులలో పెట్టెను.

బ్రాడక్ ఆ బిరుదమును రెండేండ్లు ధరించెను. ఆ కాలమున బిరుదమునకై ఎవ్వరితోను పోరాడలేదు. మొదట జర్మనీ దేశస్థుడగు మాక్స్ ష్మెలింగ్‌తో పోటీకి ఒప్పందము వ్రాయబడెను. 1936లో జో లూయీ అను నీగ్రో యువకుని ష్మెలింగ్ ఓడించి ఆ హక్కు సంపాదించెను. కాని బిరుదము జర్మనీ పోయినచో హిట్లరు ప్రభుత్వము దానిని తన జాతిగర్వమునకు వాడుకొనునను భయము అమెరికాలో బలపడెను. లూయీతో పోరాడినచో డబ్బు అధికము. గూల్డ్ ఆ ఒప్పందమును విడిచి లూయీతో కుదుర్చుకొనెను. ఓడినను రాబోవు పదేండ్లు లూయీ పోటీలవలన వచ్చు లాభములో పదియవ వంతు బ్రాడక్ పక్షమునకు రావలెనని షరతు వ్రాయించెను. ష్మెలింగ్ న్యాయస్థానముల కెక్కినను ఫలింపలేదు. ఆటనియమముల ప్రకారము చూచిన ష్మెలింగ్ ఫిర్యాదు న్యాయమైనదే. ఆకలి నెరిగిన గృహస్థుడు తన పిల్లల కొరకు చేసిన బేరమని బ్రాడక్ పక్షమువారు చెప్పుదురు. రెండును నిజములే.

మరియొక కోణము కూడ కలదు. 1915లో జాక్ జాన్సన్ ఓడినప్పటినుండి పై తరగతి విజేతలు నల్లవారికి ఆ వేదికపై అడుగు పెట్టనీయలేదు. ఆ తలుపును తెరచినవాడు బ్రాడక్. 1937 జూను 22వ తేదీన చికాగో నగరమున కోమిస్కీ పార్కులో పోరు జరిగెను. మొదటి విడతలోనే బ్రాడక్ కుడిచేతితో లూయీని నేలకూల్చెను. లూయీ వెంటనే లేచెను. అటుపిమ్మట యౌవనమును బలమును లూయీవైపే నిలిచినవి. బ్రాడక్ మొగము రక్తసిక్తమయ్యెను. ఏడవ విడత కాగానే గూల్డ్ ఇక చాలు, ఆపింతునని బ్రతిమాలెను. ఆపించినచో నీతో మరల జీవితమున మాటలాడనని బ్రాడక్ చెప్పెనట. ఎనిమిదవ విడతలో లూయీ కుడిచేతి దెబ్బకు ముందుకు పడి లేవలేకపోయెను. తాను ఎదిరించినవారిలో ఇంతటి ధైర్యశాలి లేడని లూయీ తరువాత చెప్పెను. ఆ లూయీ పండ్రెండేండ్లు ఆ బిరుదమును నిలుపుకొనెను.

అట్లు నేలపై పడిన స్థితిలో లోకము తనను జ్ఞాపకముంచుకొనుట బ్రాడక్‌కు ఇష్టము లేకపోయెను. 1938 జనవరి 21వ తేదీన, వేల్స్ దేశపు బొగ్గుగనులనుండి వచ్చిన టామీ ఫార్ అను యోధునితో పది విడతలు పోరాడి గెలిచి, గెలుపుతోనే వేదిక దిగెను. ఫార్ సామాన్యుడు కాడు. అంతకు కొన్ని నెలల ముందు లూయీతో పదునైదు విడతలు నిలిచినవాడు.

రెండవ ప్రపంచ యుద్ధము రాగా, 1942లో బ్రాడక్ సైన్యమున చేరి లెఫ్టినెంటు పదవి పొందెను. పసిఫిక్ సముద్రమునందలి సైపాన్ దీవిలో సైనికులకు ఆయుధములు లేక చేతులతో పోరాడు విధము నేర్పెను. యుద్ధానంతరమున ఓడలకు సంబంధించిన సామగ్రి వ్యాపారము చేసెను. 1960 తరువాత న్యూయార్కు ఓడరేవు ముఖద్వారమున వెరజానో వంతెన కట్టునప్పుడు, ఆ పనిలో యంత్రములమీద కూలిపని చేసిన వారిలో ఆతడు నొకడు. ఒకనాటి ప్రపంచ విజేత యేబదియైదేండ్లు దాటిన వయస్సున పనిబట్టలు తొడిగికొని పోవుట తోటిపనివారికి వింతయై యుండును. ఆతనికి మాత్రము కాదు. ఆ వంతెన 1964లో తెరువబడెను. దాని రెండు స్తంభముల నడుమ దూరము 4260 అడుగులు. నాటికి ప్రపంచమున అంతటి నిడుపుగల వ్రేలాడు వంతెన లేదు.

బేర్‌ను గెలిచిన డబ్బుతో నార్త్ బెర్గెన్‌లో కొనిన యింటనే బ్రాడక్, మే, పిల్లలు, పిదప మనుమలు కాపురముండిరి. ఇల్లు మారలేదు, ఇరుగుపొరుగు మారలేదు. 1974 నవంబరు 29వ తేదీన ఆ యింటనే, అరువదితొమ్మిదేండ్ల వయస్సున, నిద్రలో ఆతడు మరణించెను. టెనాఫ్లై అను ఊర మౌంట్ కార్మెల్ శ్మశానవాటికలో ఆతనిని సమాధిచేసిరి. నార్త్ బెర్గెన్‌లో చెరువును పచ్చికయు గల పెద్ద ఉద్యానవనమునకు ఆ ప్రాంతమువారు ఆతని పేరు పెట్టిరి. రేవులో పనికై ఆతడు తెల్లవారుజామున నడిచిపోయిన ప్రాంతము ఆ చుట్టుపట్లనే యున్నది.